లేబర్ రూములో పరిశోధన: రోజువారీ కాన్పుల పనిలోనే కలుపుకునే పద్ధతి

“రక్తం ఎంత పోయింది సిస్టర్?” అని అడిగితే మా లేబర్ రూములో ఎప్పుడూ ఒకటే జవాబు వచ్చేది: “నార్మలే మేడం.” కేస్ షీటు చూస్తే 200 మి.లీ. అని ఉండేది. పక్క బెడ్డు తల్లికీ 200. నిన్న కాన్పయిన వాళ్లందరికీ 200. ఒకరోజు తెల్లవారుజామున, కాన్పయి గంటన్నర దాటిన ఒక తల్లికి చేతులు చల్లబడి బీపీ పడిపోయింది. ఆమె షీటులోనూ 200 అనే ఉంది. రక్తం ఎక్కించాం, ఆమె బతికింది. బెడ్డు కింద బకెట్లో రక్తంతో బరువెక్కిన బట్టలను మాత్రం అప్పటిదాకా ఎవరం చూడలేదు. వాటిని తూకం వేసి ఉంటే గంట ముందే తెలిసేది కదా అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. మా వార్డులో పరిశోధన అక్కడ మొదలైంది.

నల్గొండ, పాలమూరు వైపు ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, మిడ్‌వైఫ్‌లు, ఏఎన్ఎంల కోసం ఇది రాస్తున్నాను. పరిశోధన హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో జరిగే పని అనుకుంటాం. కానీ కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో ఏఎన్ఎంలే కాన్పులు చేస్తూ 1,620 మంది తల్లులతో ఒక అధ్యయనం నడిపారు. కాన్పు కాగానే గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలు మింగిస్తే అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో తేల్చారు. నాగ్‌పూర్‌లో రెండు ప్రభుత్వ ఆసుపత్రులు బీపీ ఉన్న 602 మంది గర్భిణులతో, నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టాల్ మాత్ర మేలా, ఫోలే కాథెటర్ (చివర బుడగ ఉన్న సన్నని గొట్టం) మేలా అని పోల్చి చూశాయి. మాత్ర మేలని 2017లో ప్రచురించాయి. అక్కడ పనిచేసింది మనలాంటి సిబ్బందే, వచ్చింది మన దగ్గరికి వచ్చేలాంటి తల్లులే.

ముందు ప్రశ్న

డ్యూటీలో మీరు పదేపదే అనుకునే మాట ఏదో ఉంటుంది. “ఐరన్ మాత్రలు ఇన్ని ఇచ్చాం, హెచ్‌బీ (హిమోగ్లోబిన్) మాత్రం 8 దగ్గరే ఎందుకు ఆగింది?” “అమ్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎప్పుడూ చివరి నిమిషంలోనే ఎందుకొస్తారు?” ఇలాంటివన్నీ ఒక నెల పాటు లేబర్ రూము గోడ మీద చార్టు అంటించి రాయించండి. ఆయమ్మతో కూడా చెప్పించి రాయండి. ఆ బకెట్టును రోజూ ఎత్తేది ఆమే.

తర్వాత ఒక్కటే ఎంచుకోండి. అది వారానికి ఒకసారైనా ఎదురవ్వాలి, దాన్ని లెక్కపెట్టడానికి వీలుండాలి, జవాబు తెలిస్తే రేపటి డ్యూటీలో ఏదో ఒకటి మారాలి. మూడోది లేకపోతే ఆ ప్రశ్నను వదిలేయండి.

మనది నల్గొండ కాబట్టి చాలామందికి ముందు తాగునీటిలోని ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు పనిచేసిన ఎవరికైనా అది సహజం. ఫ్లోరైడ్ తగ్గించి, తిండి మారిస్తే గర్భిణుల్లో రక్తహీనత తగ్గుతుందని ఢిల్లీలో జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది కూడా. మంచి ప్రశ్నే. కానీ దానికి మూత్ర పరీక్ష, నీటి పరీక్ష, నెలల తరబడి వెంటపడటం కావాలి. మొదటిసారే దాన్ని ఎత్తుకోకండి.

కొత్తగా ఏదీ కొలవకుండా మొదలుపెట్టాలంటే రాబ్సన్ వర్గీకరణ ఉంది. ప్రతి కాన్పునూ పది గ్రూపుల్లో ఒకదాంట్లో వేయడమే. తొలిచూలా, పాత సిజేరియన్ ఉందా, నెలలు నిండాయా, కడుపులో బిడ్డ తల కిందికి ఉందా, ఒక్కరా కవలలా, నొప్పులు వాటంతటవే వచ్చాయా అన్నవి చాలు. ఇవన్నీ డెలివరీ రిజిస్టర్లో ఉండేవే. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. మీ ఆసుపత్రిలో అవి ఏ గ్రూపు నుంచి వస్తున్నాయో తెలియకుండా వాటిని తగ్గించే మాటే లేదు. తొలిచూలు తల్లులకు ఈ ఏడాది కోసిన కోతే, మరో రెండు మూడేళ్లకు అయిదో గ్రూపులో, అంటే పాత సిజేరియన్ ఉన్నవాళ్ల గ్రూపులో తిరిగి కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి మా రక్తం తూకాన్నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ఇప్పటికే తెలిసింది చూసుకోవడం

రెండు సాయంత్రాలు చాలు. కంటి అంచనా తక్కువ చూపిస్తుందని, పోయిన రక్తం పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా పెరుగుతుందని మాకు అప్పుడే తెలిసింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, 2 లక్షల 10 వేల మంది తల్లులతో ఈ-మోటివ్ అనే అధ్యయనం చేశాయి. తల్లి కింద పరిచే, కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్‌తో రక్తాన్ని కొలుస్తూ, ఎక్కువైన వెంటనే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట 93 శాతం రక్తస్రావాలు దొరికాయి. మామూలు పద్ధతిలో దొరికినవి 51 శాతం. తీవ్ర రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, మరణం కలిపి చూస్తే 4.3 శాతం ఉన్నది 1.6 శాతానికి దిగింది. ఇది 2023 నాటి మాట.

అలాంటప్పుడు “కొలిస్తే లాభమా” అని మళ్లీ అడగక్కర్లేదు. మా ప్రశ్న చిన్నది: మా లేబర్ రూములో కంటి అంచనాకూ తూకానికీ తేడా ఎంత? రోజూ తూకం వేయడం మా నైట్ డ్యూటీ వాళ్ల వల్ల అవుతుందా?

కాగితం ఒక్క పేజీ దాటొద్దు

అంతకుముందు నేను చేసిన తప్పు ఇది. మొదటిసారి నాలుగు పేజీల ఫారం తయారుచేశాను. భర్త చదువు, ఇంటి పైకప్పు, తాగునీరు, అన్నీ అడిగాను. మూడు వారాలకు ఫారాలు చేతికొస్తే సగం ఖాళీ, మిగతా సగం ఒకే చేతిరాత. డ్యూటీ అయిపోయే ముందు పది నిమిషాల్లో గుర్తున్నంత వరకు ఒకరే నింపారు. వాళ్లను తప్పుపట్టలేను. రాత్రి ఇద్దరు సిస్టర్లకు ఏడు కాన్పులు పడితే నాలుగు పేజీలు ఎవరు రాస్తారు?

ఈసారి ఎనిమిది గడులే పెట్టాం: కోడ్ నంబరు, ఎన్నో కాన్పు, చివరి హెచ్‌బీ, కంటి అంచనా, తూకం, గంట తర్వాత పల్స్-బీపీ, రక్తస్రావానికి ఇచ్చిన మందు, రెఫర్ చేశామా. హెచ్‌బీ తప్పనిసరి. 400 మి.లీ. పోతే 11 ఉన్న తల్లి తట్టుకుంటుంది, 7 ఉన్న తల్లికి అదే ప్రమాదం.

తల్లి పేరు, ఫోన్ నంబరు ఈ కాగితం మీద ఉండకూడదు. ఏ కోడ్ ఎవరిదో చెప్పే నోటుబుక్ వేరుగా, ఇన్‌ఛార్జ్ సిస్టర్ బీరువాలో తాళం వేసి ఉండాలి. కేస్ షీటు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. పరిశోధన మొదలుపెట్టిన రోజే దాన్ని మానేయండి.

తూకం ఎలా వేస్తాం

సామాన్లు: ఒక గ్రాము వరకు చూపే డిజిటల్ వంటింటి తక్కెడ (వెయ్యి రూపాయల లోపే వస్తుంది), ఒక స్టీలు ట్రే, ప్లాస్టిక్ షీట్లు. తక్కెడకు పారదర్శకమైన కవరు తొడగండి, ప్రతిసారీ మార్చండి.

ముందుగా పొడి బరువులు రాసి గోడకు అంటించాలి. ప్యాడు ఎంత, గాజ్‌గుడ్డ మాపు ఎంత, ప్లాస్టిక్ షీటు ఎంత. చిక్కల్లా ఇంటి నుంచి తెచ్చే పాత చీర ముక్కలతోనే. ఒక్కొక్కటి ఒక్కో బరువు ఉంటుంది కాబట్టి, వాడేముందే తూచి ఆ అంకెను కేస్ షీటు మీద రాసుకోవాలి, లేదంటే కాన్పయ్యాక గంటసేపు ఆసుపత్రి ప్యాడ్లే వాడాలి. మేం రెండోది ఎంచుకున్నాం.

బిడ్డ బయటికి వచ్చి, ఉమ్మనీరు పోయాక, మాయ పడకముందే పాత షీటు తీసేసి కొత్తది వేయండి. ఇది మరిచిపోతే ఉమ్మనీరు కూడా రక్తం లెక్కలో పడుతుంది. మాయ వేరే గిన్నెలోకి వెళ్లాలి. గంట అయ్యాక, తూచకముందే, కాన్పు చేసిన సిస్టర్ తన అంచనా రాయాలి. వరుస మార్చొద్దు. తక్కెడ చూశాక రాసే అంచనాకు విలువ లేదు.

మొదటి వారంలో ఒక రాత్రి నేను పక్కనే ఉన్నాను. సిస్టర్ అంచనా 250 అని రాశారు. ట్రే తక్కెడ మీద పెడితే, ట్రే బరువు తీసేశాక 1,140 గ్రాములు. షీటు, ప్యాడ్ల పొడి బరువు 520. మిగిలింది 620. ఒక గ్రాము రక్తాన్ని ఒక మి.లీ.గా లెక్కేస్తే 620 మి.లీ. పోయింది. ఆమె ఒకసారి తక్కెడ వంక, ఒకసారి తల్లి వంక చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి పొట్ట మీద చేయి పెట్టారు. గర్భసంచి మెత్తగా ఉంది. గట్టిగా మర్దన చేస్తూనే “ఆక్సిటోసిన్ తీయండి” అన్నారు. గర్భసంచిని గట్టిపరిచే మందు అది. తల్లి వాళ్లమ్మ పక్కనుంచి “ఎంతో కొంత పోతది గద మేడం” అంటోంది. ఆ మాట అన్ని కాన్పుల్లోనూ వింటాం.

పరిశోధన పేరుతో చికిత్స ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. రక్తం ధారగా పోతుంటే, పల్స్ పరుగెడుతుంటే, గంట కోసం, తక్కెడ కోసం చూడొద్దు. మర్దన, ఆక్సిటోసిన్, సెలైన్, రక్తం ఆపే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము వెంటనే మొదలవ్వాలి. ట్రానెక్సామిక్ యాసిడ్ కాన్పయిన మూడు గంటల లోపు ఇస్తేనే మేలు చేస్తుందని 20,060 మంది తల్లులతో చేసిన అధ్యయనం 2017లో చూపింది. అంచనా, తూకం రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్ని బట్టే చికిత్స చేయండి. ఆ తల్లి గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.

సిబ్బందికి నేర్పడానికి ఎర్ర రంగు నీళ్లు చాలు. ప్యాడ్ల మీద, షీటు మీద 100, 300, 500, 1000 మి.లీ. పోసి, ఎంత ఉందో చెప్పమనండి. అరగంటలో అందరి అంచనా ఎంత తప్పో వాళ్లకే తెలుస్తుంది.

అనుమతి

ఇది మొదలుపెట్టడానికి ముందే జరగాలి. ఇక్కడ రెండు దారులున్నాయి. మన సొంత పని మెరుగుపరచుకోవడానికి చేసే ఆడిట్ ఒకటి, అందరికీ పనికొచ్చే కొత్త విషయం తేల్చి ప్రచురించే పరిశోధన రెండోది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ లోపల జరిగే నాణ్యతా ఆడిట్లకు పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు దొరకవచ్చు. అయితే ఆ మినహాయింపును మనకు మనం ఇచ్చుకోకూడదు, పరిశోధనల్లో నైతికత చూసే ఎథిక్స్ కమిటీయే రాసివ్వాలి. పని అయిపోయాక ప్రచురిద్దామని వెళితే వెనకటి తేదీతో ఎవరూ అనుమతి ఇవ్వరు.

కమిటీ కోసం దూరం పోవాల్సిన రోజులు కావివి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. దగ్గరున్న కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం తలుపు తట్టండి. థీసిస్ కోసం ప్రశ్న వెతుక్కుంటున్న పీజీ విద్యార్థి కలిస్తే ఇద్దరికీ మంచిది. ఆ కమిటీ ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర నమోదై ఉందో లేదో అడగండి, 2019 నిబంధనల ప్రకారం ఉండాలి. తల్లులను గ్రూపులుగా విడదీసి రెండు చికిత్సలు పోల్చే పనైతే, మొదటి తల్లిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

సూపరింటెండెంట్ సంతకం గురించి వేరే చెప్పక్కర్లేదు.

తల్లిని ఎప్పుడు అడగాలి

నొప్పుల్లో ఉన్న మనిషి చేతికి కాగితం ఇచ్చి సంతకం తీసుకోవడాన్ని అంగీకారం అనలేం. ఆ క్షణంలో ఏ కాగితం ఇచ్చినా వేలిముద్ర వేస్తారు. అడగాల్సింది ముందే, ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో చెకప్‌కు వచ్చినప్పుడు. ప్రతి నెల 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులు ఎలాగూ వస్తారు. ఆ రోజు వరుసలో కూర్చున్నప్పుడు అయిదుగురికి కలిపి చెప్పి, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడగండి.

చెప్పే మాట ఇలా ఉంటే చాలు: “అమ్మా, కాన్పయినంక రక్తం ఎంత పోయిందో తూకం వేసి చూస్తం. ఆ లెక్క రాసుకుంటం, నీ పేరు రాయం. వద్దంటే రాయం. అయినా నీ కాన్పు, నీ మందులు అన్నీ ఎప్పటిలెక్కనే జరుగుతయి. మధ్యల వద్దనిపిస్తే అప్పుడైనా చెప్పొచ్చు.” తర్వాత “నేను చెప్పింది నువ్వు మళ్లా చెప్పమ్మా” అని అడగండి. ఆమె నోటి నుంచి “వద్దంటే రాయరు” అన్న ముక్క రాకపోతే మళ్లీ చెప్పాలి.

చదవడం రాని తల్లి అయితే, మన సిబ్బంది కాని సాక్షి పక్కన ఉండాలి. తండాల నుంచి వచ్చేవాళ్లకు లంబాడీలో, గద్వాల, నారాయణపేట సరిహద్దు ఊళ్ల వాళ్లకు అవసరమైతే కన్నడలో, పాలమూరు టౌనులో ఉర్దూలో చెప్పగల మనిషిని ముందే చూసుకోండి. అత్తనో భర్తనో అడిగితే తప్పులేదు, కానీ జవాబు ఆమెది కావాలి. “మా ఆయన్ని అడిగి చెప్త” అంటే వచ్చే చెకప్ దాకా ఆగండి. 18 ఏళ్లు నిండని తల్లుల విషయంలో చట్టపరమైన చిక్కులు వేరు, వాళ్లను మొదటి అధ్యయనంలో చేర్చకండి.

అంకెలు నమ్మొచ్చా

ప్రతి సోమవారం పది నిమిషాలు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో కూర్చుని మూడు చూడండి. రిజిస్టర్లో ఎన్ని కాన్పులున్నాయి, మన దగ్గర ఎన్ని కాగితాలున్నాయి? ఖాళీలన్నీ నైట్ డ్యూటీవేనా? చివరి అంకెలు ఎలా ఉన్నాయి? తూకం గడిలో వరుసగా 250, 300, 350 కనిపిస్తే అవి తక్కెడ చూపినవి కావు. నిజం తూకం 287, 413 అని వస్తుంది. ఇది కనిపించినప్పుడు కేకలేయకండి, ఎందుకు వేయలేకపోయారో అడగండి. మా దగ్గర కారణం తక్కెడ బ్యాటరీ. అయిపోతే తెచ్చేవాళ్లు లేరు. రెండు బ్యాటరీలు ట్రే కిందే టేపుతో అంటించాం.

ఎన్ని కాన్పులు కావాలన్నది అందరూ అడిగేదే. 100 కాన్పుల్లో 5 అధిక రక్తస్రావాలు వస్తే, అసలు సంగతి 2 శాతం నుంచి 11 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 1,000 కాన్పుల్లో 50 వస్తే అది సుమారు 4 నుంచి 6.5 మధ్యకు వస్తుంది. వంద కాన్పులకే “తగ్గింది” అని సంబరపడకండి.

రెఫర్ చేసిన తల్లులు ఎప్పుడూ లెక్కలోంచి జారిపోతారు. 108 ఎక్కించాక మన షీటు అక్కడితో ఆగుతుంది. కానీ అందరికంటే ఎక్కువ రక్తం పోయింది వాళ్లకే. వాళ్లను వదిలేస్తే మన అంకెలు అందంగా ఉంటాయి, అబద్ధంగా ఉంటాయి. మర్నాడు పొద్దున పెద్దాసుపత్రి లేబర్ రూముకు ఫోన్ చేసి ఏమైందో అడగడం ఒకరి పనిగా రాసిపెట్టండి. ఆ ఫోన్‌తో ఎన్నిసార్లు మాకే ఊపిరి తిరిగిందో.

ఇంటికి వెళ్లాక

కాన్పు తర్వాత వారాలు గమనించే ప్రశ్నయితే, మన దగ్గర తల్లులు మాయమవుతారు. తొలిచూలయితే తల్లిగారింటికి పోతారు, అది వేరే మండలం. పాలమూరు వైపు కొందరు పసిబిడ్డతోనే మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో పనికి పోతారు. రాసుకున్న ఫోన్ భర్తది, అదీ స్విచాఫ్. మూడు నంబర్లు తీసుకోండి: ఆమెది, ఆమె తల్లిది, రెండు ఊళ్లలో ఆశాలది. ఆశా ఎలాగూ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి తల్లీబిడ్డలను చూడాలి. మీ ఒక్క ప్రశ్నను ఆ రోజులకే తగిలించండి, కొత్తగా తిప్పకండి. 21వ రోజు తొట్టెల అయితే ఇంట్లో అందరూ ఉంటారు, జవాబు ఖాయం.

జవాబు వార్డుకు తిరిగి రావాలి

నెలకోసారి ఒక చార్టు: అంచనా ఒక రంగు, తూకం ఒక రంగు. అది లేబర్ రూములో, రాసినవాళ్లు చూసేచోట ఉండాలి. ఆశాల మీటింగులో చెప్పండి, 9న వచ్చిన తల్లులకు చెప్పండి. రాసి పంపేటప్పుడు తూకం వేసిన సిస్టర్ల పేర్లు రచయితల్లో ఉండాలి.

ఫలితం మనం కోరుకున్నట్టు రాకపోయినా రాయండి. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, సగం చోట్ల కాన్పు చెక్‌లిస్టు మీద శిక్షణ ఇచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. సిబ్బంది పనితీరు బాగుపడింది, మరణాలు మాత్రం తగ్గలేదు. 2017లో ఆ సంగతి ఉన్నదున్నట్టు ప్రచురించారు. అందువల్లే చెక్‌లిస్టు ఒక్కటే సరిపోదని ఇవాళ మనకు తెలుసు.

అధ్యయనం ముగిశాక ఏది నిలబడుతుందో కూడా ముందే అనుకోండి. మేం ఎనిమిది గడుల కాగితం ఆపేశాం. తూకం గడిని మాత్రం డెలివరీ రిజిస్టర్లో, బిడ్డ బరువు పక్కన, స్కేలుతో ఎర్రగీత కొట్టి చేర్చాం. ఇప్పుడు డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు ఒకరికొకరు చెప్పుకునే మాట ఇలా ఉంటుంది: “మూడో బెడ్డు, మలిచూలు, హెచ్‌బీ 8.2, తూకం 413, గర్భసంచి గట్టిగానే ఉంది, అరగంటకోసారి చూడు.”